పాడి లేని క్యారేజీలో పస ఉండాలంటే

పాలు, పెరుగు, వెన్న, నెయ్యి కూడా వర్జించే శాకాహారాన్ని నేడు వేగన్ ఆహారమని వ్యవహరిస్తున్నారు. ఈ పేరు 1944లో ఇంగ్లండులో పుట్టింది. నగరాలలో చదువుకొనే, ఉద్యోగాలు చేసే పిల్లల ద్వారా ఈ పద్ధతి ఇప్పుడు మా కోటబొమ్మాళి వంటి ఊళ్ల వంటిళ్లకు కూడా వచ్చింది. జీవకారుణ్యం చేత కొందరు, పాలు అరగక కొందరు దీనిని అవలంబిస్తున్నారు. “పెరుగన్నం లేని క్యారేజీతో పిల్లలకు బలం చాలుతుందా?” అన్నది తల్లుల ఆందోళన. ఆందోళన సమంజసమే కాని, దానికి కారణం పెరుగు లేకపోవడం కాదు. పెరుగు తీసివేసిన చోట ఏమి పెడుతున్నామన్నదే అసలు ప్రశ్న.

ఉదయం ఏడు గంటలకు పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపి మూత బిగిస్తాము. పిల్లవాడు దానిని తెరిచేది పన్నెండున్నరకు. పెరుగును వేడి చేసి, లేదా వేడి పదార్థంతో కలిపి భుజించరాదని చరకసంహిత నిషేధించింది. మా గురుకులంలో ఈ నియమాన్ని అక్షరాలా పాటించేవారు. ఎండకాలంలో ఆ అన్నం ఎంత పులిసిపోతుందో ఇంటికి తిరిగివచ్చిన గిన్నె వాసనే చెబుతుంది. కనుక మధ్యాహ్నపు క్యారేజీలో పెరుగు లేకపోవడాన్ని నేను లోపంగా ఎంచను.

అసలు ఈ శ్రీకాకుళం సీమలో పొలానికి వెళ్లిన చద్దిమూటలలో పాడి ఎంత ఉండేది? పాడి గల ఇంట అంబలిలో మజ్జిగ పోసుకొనేవారు. లేని ఇంట ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాస్త ఉలవచారు. చోళ్లు, గంటెలు, ఉలవలు, నువ్వులు ఆ కష్టజీవులను నిలబెట్టిన ధాన్యాలు. తెల్లబియ్యం మరిగిన తరువాత మనమే వీటిని చిన్నచూపు చూశాము. మన పాఠశాలలలో 2023లో రాగిజావ ప్రవేశపెట్టినప్పుడు అదేదో కొత్త ఆహారమైనట్లు మాట్లాడినవారిని చూసి నాకు నవ్వు వచ్చింది. చోడంబలి తాగని తాత ఈ జిల్లాలో ఎవరికి ఉన్నాడు?

లెక్క కూడా చూద్దాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల చోళ్లలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఆవుపాలలో అది సుమారు 120. అరవై గ్రాముల చోడిపిండితో చేసిన రొట్టె ఒక గ్లాసు పాలకు దాదాపు సమానమవుతుంది. ధాన్యంలోని కాల్షియం కొంత తక్కువగా వంటబడుతుంది గనుక చోళ్లను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించుకోవడం మేలు. ఉలవలలో నూరింటికి సుమారు 22 పాళ్లు మాంసకృత్తులే. ఇక స్నిగ్ధత మాటకు వస్తే, నెయ్యికి మా శాస్త్రంలో ఉన్న స్థానాన్ని నేను తగ్గించను. అయితే వాతకఫాలను శమింపజేసే వాటిలో నువ్వులనూనె శ్రేష్ఠమని చెప్పినదీ ఆ చరకుడే. మన పెద్దలు దానికి ‘మంచినూనె’ అని ఊరకే పేరు పెట్టలేదు.

మరి క్యారేజీలో ఏమి కట్టాలి? ఒకనాడు చోడిరొట్టె పిండిలోనే మునగాకు, ఉల్లిపాయ ముక్కలు కలిపి మంచినూనెతో కాల్చండి. పక్కన వేరుశనగపప్పు పచ్చడి. మరొకనాడు అన్నంలో నువ్వులపొడి, పనసపొట్టు ఆవకూర. గోరుచిక్కుడు పాటోళీ సంగతి ప్రత్యేకించి చెప్పాలి. నానిన శనగపప్పును బరకగా రుబ్బి, కూరతో కలిపి పొడిపొడిగా వేయించే ఆ వంటకం క్యారేజీ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. నీరు ఊరదు, కారిపోదు, పప్పూ కూరా ఒక్కటిగా కుదురుతాయి. మొలకెత్తిన ఉలవల గుగ్గిళ్లు, కొర్రల పులిహోర, ఉద్దానపు కొబ్బరితో చేసిన అన్నం కూడా పిల్లలు ఇష్టంగా తింటారు. పెరుగు నాలుకకు తప్పనిసరి అనేవారు పలాస జీడిపప్పు నానబెట్టి రుబ్బి, నిమ్మరసం పిండుకోవచ్చు. ఖరీదైన ముచ్చట అది. నిత్యం అవసరం లేదు. చివరకు చిమ్మిలి ఉండ ఒకటి చాలు.

నిమ్మచెక్కనో ఉసిరిక పచ్చడినో మరువకండి. ఆకుకూరలలోని ఇనుము ఆ పులుపు తోడైతేనే బాగా వంటబడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్ర స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత గలవారని తేలింది. ఆడపిల్ల క్యారేజీ కట్టేటప్పుడు ఈ మాట తల్లి మనసులో ఉండాలి. అన్నం ఆవిరి తగ్గిన తరువాతనే మూత పెట్టండి; పచ్చికొబ్బరి పచ్చడి ఎండాకాలం పంపకండి.

చిప్సు, బిస్కత్తు, నూడుల్సు పెట్టి “ఇందులో పాలు లేవు కదా” అనేవారికి నేను చెప్పగలది లేదు. కాని శ్రద్ధగా వండే ఇంటివారికి ఒక సంగతి స్పష్టం చేయాలి. బి12 విటమిను ధాన్యాలలో, కూరలలో నమ్మదగినంతగా దొరకదు. పులిసిన ఇడ్లీపిండి వల్ల, అంబలి వల్ల అది సమకూరుతుందని కొందరు వైద్యులే చెబుతున్నారు, అది సరికాదు. శరీరంలోని నిల్వ కొన్నేళ్లు కాపాడుతుంది గనుక లోపం ఆలస్యంగా బయటపడుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, పాలిపోవడం, మతిమరుపు కనిపించే వరకు ఆగరాదు. పాలు పూర్తిగా మానినవారు, ముఖ్యంగా గర్భిణులు, ఎదిగే పిల్లలు, వైద్యుని అడిగి బి12 మాత్ర వాడవలసిందే. మా గ్రంథాలలో లేదని దీనిని తోసిపుచ్చడం వైద్యధర్మం కాదు.

మరొక హెచ్చరిక మన జిల్లాకే చెందినది. ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండవ్యాధి ఎందరిని పీడిస్తున్నదో పాఠకులు ఎరుగుదురు. ఆకుకూరలు, పప్పులు, జీడిపప్పు, కొబ్బరి ఆరోగ్యవంతులకు మేలు చేసినా, వాటిలోని పొటాషియం, భాస్వరం ఆ రోగులకు హాని చేయవచ్చు. అట్టివారి క్యారేజీని చికిత్స చేస్తున్న వైద్యుడు రాసిచ్చిన ఆహారపట్టిక ప్రకారమే కట్టవలసి ఉంటుంది.