మాటల పుట్టుక: మూడు పుట్టిండ్ల క్రియ

ఇంగ్లీషు నేర్చుకొను పిల్లలు "ఆమ్, ఈజ్, వాజ్, బీ" యని వల్లించుచు విసుగుకొనుట మీరెఱుగుదురు. ఉండుట యను నొక్క యర్థమునకు, ఒకదానితో నొకటి పోలని యిన్ని రూపములేల? బిడ్డను మందమతి యని కసరుటకు ముందు ఈ క్రియ కథను వినుట మేలని మా తలంపు.

ఇది నిజమునకు ఒక క్రియ కాదు. మూడు క్రియలు కలిసి యొకటైనది. ఇంగ్లీషు, జర్మను, ప్రాచీనమగు గాథిక్కు మొదలగునవి యొక తల్లి బిడ్డలు; వీనిని జర్మానిక భాషలందురు. ఆ తల్లికిని సంస్కృతమునకును మూలమొక్కటియే. సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలమునుండి వచ్చియుండవలెనని 1786లో కలకత్తాయందు సర్ విలియం జోన్సు చెప్పి, గాథిక్కు కూడ ఆ వంశముదేయని తలంచెను. కావుననే ఈ మూడు క్రియల చుట్టములును మనమెఱిగిన మాటలలో కలవు.

"ఆమ్, ఈజ్" అనునవి సంస్కృతమున "అస్మి, అస్తి". గాథిక్కున "ఇమ్, ఇస్ట్". "అస్తి" యనువాడే గదా ఆస్తికుడు! "బీ" యనునది "భూ" ధాతువునకు బంధువు. భవము, భవిష్యత్తు అనునవి అందుండి వచ్చినవే. జర్మనులోని "బిన్, బిస్ట్" అను రూపములందలి బకారమును ఇదియే.

మూడవది గృహిణులకు మిక్కిలి ప్రియమైనది. "వాజ్" అనునది "వస్" ధాతువునకు బంధువు. గాథిక్కున "విసన్", ప్రాచీనాంగ్లమున "వెసన్", మనకు వాసము, నివాసము, వసతి. "ఆమె యుండెను" అనుటకు ఇంగ్లీషువారు వాడు మాటకు పూర్వార్థము "ఆమె వసించెను" అనియే. ఇది బహువచనమున "వర్" అగుటకును కారణము కలదు. పూర్వము ఉచ్చారణలో ఊనిక వేఱొక యక్షరముపై నుండుటచే సకారము క్రమముగా రేఫమయ్యెనని డెన్మార్కు పండితుడు కార్ల్ వెర్నర్ 1875లో కనుగొనెను. అందులకు ఆయనకు సాక్ష్యమిచ్చినది సంస్కృత స్వరమే.

తెలుగు ఆ వంశముది కాదు. దక్షిణదేశ భాషల కుటుంబము వేఱని ఎల్లిస్ దొర 1816లో నిరూపించెను. అయినను "కుండలో నీళ్లున్నవి", "అక్క గుంటూరులో నుండును" అను రెండు తావులను మనకు "ఉండు" క్రియయే చాలును. చుట్టఱికము లేకయే ఇరువంశములును ఉనికిని నివాసముతో ముడివేసినవి!

ఇకమీదట బిడ్డ తడబడినచో, పలకపై మూడు వరుసలు గీసి, ఏ రూపము ఏ యింటిదో వ్రాసి చూపుడు. ఆ చిక్కు మూడిండ్ల కలయికవలన వచ్చినదే కాని, బిడ్డ బుద్ధిలోపముచే వచ్చినది కాదు.