గిన్నె కిరీటం

షేక్స్‌పియర్ ఫాల్‌స్టాఫ్ పేరు వింటే తెలుగువాడికి ‘కన్యాశుల్కం’ గిరీశం గుర్తొస్తాడు. ఇద్దరూ మాటల మరాఠీలు. ఇద్దరూ పూటకూళ్లమ్మల సొమ్ము తిన్నవాళ్లే. ఇద్దరి వెనకా ఒక కుర్రవాడు తిరుగుతుంటాడు. గిరీశానికి వెంకటేశం, ఫాల్‌స్టాఫ్‌కి యువరాజు హాల్. అయితే వెంకటేశం రేపు సింహాసనం ఎక్కేవాడు కాడు.

షేక్స్‌పియర్ ‘నాలుగో హెన్రీ’ రెండు భాగాల్లోనూ అసలు కథ రాజులది. ఫాల్‌స్టాఫ్ మధ్యమధ్య వచ్చి నవ్వించి పోతాడు. సినిమా దర్శకుడు ఆర్సన్ వెల్స్ దీన్ని తిరగేశారు. ఈ రెంటికీ మరో మూడు నాటకాల ముక్కలు అతికించి, ముసలివాణ్ని నడిమధ్యన కూర్చోబెట్టారు. 1939లో అమెరికాలో, 1960లో బెల్‌ఫాస్ట్, డబ్లిన్‌లలో రంగస్థలం మీద ప్రయత్నించి, చివరికి స్పెయిన్‌లో సినిమాగా తీశారు. అదే 1966లో కాన్ చిత్రోత్సవానికి వెళ్లిన ‘చైమ్స్ ఎట్ మిడ్‌నైట్’. పాత నాటకాన్ని ఇంతగా కత్తిరించవచ్చా అంటే, ఈ సినిమా చూశాక నాకైతే అభ్యంతరం లేదు.

సారాకొట్టులో ఒక రాత్రి ఫాల్‌స్టాఫ్ వంటగిన్నె నెత్తిన బోర్లించుకుని రాజు వేషం కడతాడు. అందరూ విరగబడి నవ్వుతారు. కాసేపటికి వేషాలు మారి హాల్ రాజవుతాడు. అందర్నీ వెళ్లగొట్టినా నన్ను మాత్రం వద్దని ముసలివాడు ఆటగా బతిమాలతాడు. వెళ్లగొడతానంటాడు హాల్. ఆ మాటతో నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

అన్నట్టే చేస్తాడు. పట్టాభిషేకం నాడు భటులను తోసుకుంటూ వెళ్లి నోరారా పిలిచిన ఆప్తుణ్ని, అతనెవరో తెలియనట్టు మాట్లాడి కొత్త రాజు పంపేస్తాడు. ఫాల్‌స్టాఫ్‌గా వేసిన వెల్స్ ముఖంలో అప్పుడు దెబ్బ తిన్న బాధ ఒక్కటే కాదు, తన పిల్లవాడు నిజంగా రాజయ్యాడన్న మురిపెం కూడా కనిపిస్తుంది. ఆ రెండూ ఒకే చూపులో పలికించడం సామాన్యం కాదు.

ఫాల్‌స్టాఫ్‌ను మంచివాడనే నమ్మారు వెల్స్. అంత దూరం నేను రాలేను. లంచమిచ్చిన వాళ్లను వదిలేసి, ఇవ్వలేని బీదలను యుద్ధానికి తోలినవాడతను. వెంకటేశం అక్క బుచ్చమ్మను మాయచేసిన గిరీశాన్నీ అలాగే క్షమించలేం. 1955 సినిమాలో ఎన్టీఆర్ వేసినా, ఏ ఊరి వేదిక మీద ఎవరు వేసినా అతని మాటలకు నవ్వుతాం, బుచ్చమ్మ కనబడగానే ఉలిక్కిపడతాం. ఆ ఉలికిపాటు పోగొట్టి నవ్వు ఒక్కటే ఉంచిన ప్రదర్శనలు చూస్తే కష్టం వేస్తుంది. వెల్స్ తన ముసలివాడి మోసాన్ని దాచలేదు. అయినా అతని కోసం ఏడిపించారు.

సినిమా చివర చక్రాల మీద ఒక పెద్ద శవపేటిక. ఫాల్‌స్టాఫ్ ఒళ్లు అంతటిది మరి. సారాకొట్టు వాకిలి దాటించి ఇద్దరు ముగ్గురు దాన్ని మెల్లగా తోసుకుపోతుంటారు. వెనక నుంచి ఒక గొంతు కొత్త రాజుగారి సుగుణాలు చదువుతూ ఉంటుంది.