అది ఎవరి కేబుల్?

2025 ఆగస్టు చివర్లో హైదరాబాదులో చాలా చోట్ల ఇంటర్నెట్ పోయినప్పుడు మనవాళ్ళం ఎంత గోల చేశామో గుర్తుందా? నేనూ చేశాన్లెండి. నాచారంలో మా ఇంట్లో పొద్దున్నించీ నెట్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని స్టాండప్ కాల్లో కూర్చుని, స్తంభాల మీద కేబుళ్ళు కోసేస్తున్నవాళ్ళని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు సంగతి చెప్పక్కర్లేదు... వంద మెసేజీలు, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు, మంత్రిగారికి ట్యాగులు. అసలు ఎందుకు కోస్తున్నారో మాత్రం అందులో ఒక్కరూ రాయలేదు.

ఎందుకంటే, ఆగస్టు 17 రాత్రి మాకు పక్కనే ఉన్న రామంతాపూర్ గోఖలేనగర్లో కృష్ణాష్టమి ఊరేగింపు జరిగింది. రథాన్ని లాగే బండి మధ్యలో ఆగిపోతే జనమే చేతుల్తో లాక్కుంటూ వెళ్ళారు. రథానికి కరెంటు తగిలి అయిదుగురు పోయారు. ఒక కేబుల్ తీగ 11 కేవీ లైనుకి తగిలి, దాని ద్వారా రథానికి కరెంటు పారిందని విద్యుత్ అధికారులు చెప్పారు. ఆ తర్వాతే స్తంభాల మీది కేబుళ్ళు తీసెయ్యడం మొదలైంది. మన కాల్స్ తెగిపోయాయి, విషయం హైకోర్టు దాకా వెళ్ళింది.

"ఫైబర్ కదా, గాజు, దాంట్లో కరెంటెలా పారుతుంది?" అని మా టీంలో ఒకడు అడిగాడు. గాజులో పారదు నాయనా. కానీ చాలా కేబుళ్ళని మోసేది వాటితోపాటు ఉండే ఉక్కు తీగ. పాత టీవీ కేబుల్లో అయితే మధ్యలో లోహపు తీగే ఉంటుంది. పైన హైటెన్షన్ లైను, కింద ఇవి.

రాత్రికి రాత్రి కోసెయ్యడమే మంచి పద్ధతని నేననను. సర్వర్ రూములో ఏది దేనికి పోతుందో చూడకుండా కేబుల్ పీకితే మనల్ని ఉద్యోగంలోంచి పీకుతారు :-) అక్కడ ప్రతి కేబుల్‌కీ రెండు చివరలా లేబుల్ ఉంటుంది. మా వీధి స్తంభం మీద ఇరవై కేబుళ్ళున్నా ఏది ఎవరిదో స్తంభానిక్కూడా తెలీదు.

మా సందు మలుపులోనూ ఒకటి వేలాడుతూ ఉండేది. సరిగ్గా స్కూలాటో ఆగే చోట. రోజూ హబ్సిగూడ మెట్రోకి పోతూ దాని దగ్గర తల వంచేవాణ్ణి. ఎన్ని నెలలు వంచానో లెక్కలేదు, అలవాటైపోయింది. రామంతాపూర్ సంగతి తెలిశాక మాత్రం భయమేసి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పదకొండు బొటనవేళ్ళు వచ్చాయి, రెండు దణ్ణాలు కూడా. నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను.

సాయంత్రం లిఫ్ట్ దగ్గర మూడో అంతస్తు అంకుల్ (రిటైరయ్యారు) పట్టుకున్నారు. "బాబూ, ఆ ఫోటోలో స్తంభం నంబరేదీ?"

స్తంభానికి నంబరుంటుందని నాకు నిజంగా తెలీదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి ఆ నంబరు రాసుకొచ్చారు. తెల్లకాగితం మీద తేదీ, నంబరు, ఎంత ఎత్తులో వేలాడుతోంది, ఎంతమంది పిల్లలు అక్కడ ఆటో ఎక్కుతారు అన్నీ రాసి, రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకున్నారు. ఒక ఆఫీసులో మాది కాదన్నారు. కేబుల్ కుర్రాడు మాదసలే కాదన్నాడు. నాలుగుసార్లు తిరిగారు. మూడు వారాల తర్వాత ఇద్దరు నిచ్చెన వేసుకుని వచ్చి పది నిమిషాల్లో కట్టేసిపోయారు.

ఇదే మాట ఆఫీసులో చెప్తే, "ట్యాక్స్ కట్టేది మనం, అదంతా వాళ్ళే చూసుకోవాలి" అన్నారు. చూసుకోవాల్సిందే, కాదనను. కానీ "అప్లికేషన్ పని చెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి పంపిన బగ్‌ని మనం ఏం చేస్తాం? కెనాట్ రీప్రొడ్యూస్ అని మూసేస్తాం. "మా ఏరియాలో వైర్లు వేలాడుతున్నాయి సార్" అన్న ట్వీటుకీ అదే గతి. 1912 కి ఫోన్ చేసినా స్తంభం నంబరు చెప్పి, కంప్లైంట్ నంబరు రాసుకుంటేనే రేపు మళ్ళీ అడగ్గలం.

కాగితానికి అన్నీ లొంగుతాయని కాదు. అదే రామంతాపూర్లో పెద్దచెరువు కుంచించుకుపోతోందని ఒక ప్రొఫెసరుగారు 2005 లో హైకోర్టుకి ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుంది. చెరువు మాత్రం కోర్టు తీర్పు కోసం ఆగదు కదా! 2020 అక్టోబరు 13 న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది, హబ్సిగూడ వీధి నంబరు 8, రవీంద్రనగర్ మునిగాయి. అప్పుడు మనం డబ్బులు పోగేశాం, పులిహోర పొట్లాలు పంచాం. ఆ పని మనవాళ్ళు బ్రహ్మాండంగా చేస్తారు, వెక్కిరింపు కాదు. నగరంలో చెరువుల హద్దులు తేల్చమని 2024 లో కూడా కోర్టు చెప్తూనే ఉంది. అంటే ఉత్తరం రాసి పందొమ్మిదేళ్ళు. ఆ ఉత్తరం వరదని ఆపలేదు, నిజమే. కానీ "మాకెవరూ చెప్పలేదు" అనే మాట ఎవరూ అనలేకుండా చేసింది. పులిహోర పొట్లం ఆ పని చెయ్యలేదు.

అన్నట్టు, మా అంకుల్ కూతురి దగ్గరికి ఆరు నెలలు వెళ్తున్నారు. పోతూ పోతూ ఆ ఫైలు నాకిచ్చారు. అందులో తర్వాతి కాగితం మా వెనక వీధిలో కంచె ఊడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ గురించి. సోమవారం పూట పర్మిషన్ అడిగితే మేనేజరు "పర్సనల్ వర్కా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక అవునన్నాను.