నీడ ఇవ్వని బొమ్మ ఎవరి కోసం?

హోసూరును ఒకప్పుడు "చిన్న ఇంగ్లాండు" అనేవారు. దాదాపు 900 మీటర్ల ఎత్తు, గులాబీ తోటలు, చల్లగాలి. ఇప్పుడు ఆ పేరు చెబితే పిల్లలు నవ్వుతారు. 1970ల నుంచి సిప్కాట్ పారిశ్రామికవాడ పెరిగింది. 2019లో ఊరు నగరపాలక సంస్థ అయింది. చెట్లున్న చోట కాంక్రీటు మేడలు, రేకుల షెడ్లు లేచాయి. అక్కడి నుంచి యాభై కిలోమీటర్లు కిందికి దిగితే కృష్ణగిరి. అక్కడ ఎండ ఇంకా ఎక్కువ. గ్రానైటు క్వారీల్లో రాయి కాలుతుంటుంది. తోతాపురి మామిడి కోతలు సరిగ్గా ఎండలు ముదిరినప్పుడే మొదలవుతాయి.

తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించింది. వడదెబ్బకు చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. మంచిదే. కానీ అది మనిషి పోయాక వచ్చే సాయం. మనిషి పోకుండా ఆపేవి నీడ, నీళ్లు, విశ్రాంతి.

ఎండల మీద అవగాహన కోసం గోడల మీద బొమ్మలు వేద్దామని మన యువత ఉత్సాహపడుతోంది. మేము వద్దనడం లేదు. ఒక్కటే అడుగుతున్నాం: ఆ బొమ్మ ఎవరికి బోధిస్తుంది? ఎండ ఎంత ప్రమాదమో తట్ట మోసే అక్కకు మనం చెప్పాలా? ఆమెకు లేనిది అవగాహన కాదు, మధ్యాహ్నం పని ఆపే హక్కు.

అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 2023లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటాయి. ఆ తర్వాత 2025లో అక్కడి పార్కుల్లో తొమ్మిది కళాకృతులు నిలబెట్టారు. ఆ ప్రయత్నానికి పెట్టిన పేరు "సోంబ్రా", అంటే స్పానిష్‌లో నీడ. కళను చూడటానికి వచ్చినవారు దాని కింద కూర్చోవచ్చు. తేడా అక్కడే ఉంది.

మనకు అంత ఖర్చు అక్కర్లేదు. సున్నం, ముగ్గు, తాటాకు పందిరి, చలివేంద్రం మన పెద్దలు ఎండకు ఇచ్చిన జవాబులే. తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది, ఇంట్లో వేడి 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గవచ్చు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది. మన యువజనులు రంగులు పట్టుకుని ముందు ఎక్కాల్సింది గోడ కాదు, రేకుల ఇళ్ల కప్పు.

ఆ తర్వాత గోడ. మందిరం ప్రహరీకి పందిరి వేసి, నీళ్ల కుండ పెట్టి, దాని వెనక బొమ్మ వేద్దాం. తెలుగు, తమిళం, కన్నడం, వలస కూలీల కోసం హిందీ, అన్నింటిలోనూ రాద్దాం. మాట తడబడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కి ఫోన్ చేయాలి. ఇంకో గోడ యజమానుల కోసం. కేరళలో ఏటా ఎండాకాలం ఆరుబయట కూలీలకు మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు విశ్రాంతి ఇవ్వాలని కార్మిక శాఖ ఆదేశిస్తుంది. ఇక్కడ ఎందుకు కుదరదు? ఆ ప్రశ్న క్వారీకి, ఫ్యాక్టరీకి వెళ్లే దారిలో పెద్ద అక్షరాలతో కనబడాలి. ఆ యజమానుల్లో కొందరు ఆదివారం మన పక్కనే కూర్చుంటారని మరచిపోవద్దు.

యోనా కథ మనకు తెలిసిందే. నీనెవె బయట ఎండకు సొమ్మసిల్లి, తన మీద నీడ పట్టిన సొరచెట్టు వాడిపోయిందని కోపగించుకున్నాడు. దేవుడు ఆయనకు ఎదురుగా ఉన్న పట్టణాన్ని, అందులోని లక్షా ఇరవై వేలకు పైబడిన మనుషులను గుర్తుచేశాడు. ఏసీ ఉన్న మందిరంలో కూర్చున్న మనకూ ఆ ప్రశ్న వర్తిస్తుంది. ఈ వేసవిలో ప్రతి సంఘం ఒక్క పందిరి వేయాలి, పది కప్పులకు సున్నం కొట్టాలి. బొమ్మ అక్కడి నుంచి మొదలుపెడదాం.