ఓటీపీ కూడా సంతకమే



ఈమధ్య ఆసుపత్రికి వెళ్లి వచ్చిన మనవాళ్ల నోట ఒక మాట తరచుగా వింటున్నాము. "కౌంటర్ దగ్గర ఫోనుకు ఏదో నెంబరు వచ్చింది, అడిగారు, చెప్పేశాం" అంటారు. దేనికి అడిగారంటే తెలియదు. దీనిమీద మాకు తోచింది రాస్తున్నాము.

మేము కంప్యూటర్‌కు వ్యతిరేకులం కాము. రైల్వే ఆసుపత్రుల్లో ఉమీద్ కార్డు, హెచ్ఎంఐఎస్ వచ్చాక మాబోటి రిటైరైనవాళ్లకు పాత ఫైళ్లు వెతికించుకునే బాధ తగ్గింది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఉద్దేశమూ మంచిదే. దాని 14 అంకెల ఆభా నెంబరుతో మన రిపోర్టులన్నీ కలుపుకోవచ్చు. ఇక్కడి బొగ్గు గనుల్లో పనిచేసి, వైద్యానికి మంచిర్యాలకో హైదరాబాద్‌కో వెళ్లే మనవాళ్లకు అది ఉపకారమే. బల్లార్షాలో మధ్య రైల్వే ముగిసి దక్షిణ మధ్య రైల్వే మొదలవుతుంది. జోను మారినా వే బిల్లు వెంట ఉంటుంది కాబట్టి పార్శిల్ ఆగదు. రోగికీ అలాంటి కాగితం ఉండాలి.

కానీ సరుకు మనదైతే సీలు కూడా మన చేతిలోనే ఉండాలి కదా! ఆభా తీసుకోవడం మన ఇష్టం, బలవంతం లేదు. మన రికార్డు మరొకరు చూడాలంటే మన అనుమతి కావాలి. ఆ అనుమతికి గుర్తుగా చాలాచోట్ల తీసుకునేది ఓటీపీనే. అంటే ఓటీపీ చెప్పడం సంతకం పెట్టడంతో సమానం. ఖాళీ కాగితం మీద ఎవరైనా సంతకం పెడతారా?

"ముసలివాళ్లం, మన షుగరు రిపోర్టు ఎవరికి కావాలి?" అని కొందరు నవ్వుతారు. బీమా కంపెనీకి కావాలి, మందులు అమ్మేవాడికి కావాలి. ఇంట్లో ఒకరికి టీబీ వచ్చి తగ్గిన సంగతి బయటికి పొక్కితే పిల్ల సంబంధం దగ్గర ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది ఇలాంటి మామూలు మనుషుల కోసం కూడా.

భాష సంగతి ఇంకా ముఖ్యం. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్లం. తెలుగు ఇంట్లో మాట, అక్షరాలు తరువాత కూడబలుక్కుని నేర్చుకున్నవి. చదవరాని కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మనిషి ఎంత చిన్నబోతాడో మాకు తెలుసు. 2021లో టీకాకు కోవిన్‌లో పేరు నమోదు చేయాలంటే మొదట ఇంగ్లీషే దిక్కు. పల్లెవాళ్లు, చదువురానివాళ్లు ఏం కావాలని మే నెలలో సుప్రీంకోర్టు ప్రశ్నించింది. జూన్‌లో తెలుగు, మరాఠీతో సహా పలు భాషలు వచ్చాయి. అడిగితేనే వచ్చాయి.

ఇప్పుడు అడగడానికి చట్టం కూడా ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా గానీ చూసుకునే వీలు ఇవ్వాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. చట్టం దశలవారీగా అమలులోకి వస్తోంది. మనం మహారాష్ట్రలో ఉన్నామని మన భాష హక్కు పోదు. ఇంటర్నెట్ స్వేచ్ఛ అంటే రాజకీయ పోస్టులు పెట్టుకోవడమే కాదు. తెలిసి "సరే" అనడం, తెలిసి "వద్దు" అనడం కూడా స్వేచ్ఛే.

సంఘానికి మా సూచనలు ఇవి. ఆదివారాల్లో మన పిల్లలు ఇద్దరు కూర్చుని పెద్దలకు ఆభా, ఉమీద్ పనుల్లో సాయం చేయాలి. తెరమీద ఉన్నది తెలుగులో చదివి వినిపించాలి. ఓటీపీ మాత్రం ఎవరిది వారే నొక్కాలి. మన వాట్సాప్ గ్రూపులో ఎవరి రిపోర్టూ పెట్టకూడదు, అభిమానంతోనైనా సరే. కాగితాల ఫైలు పారేయకూడదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లమీద సైబర్ దాడి జరిగినప్పుడు అంత పెద్ద ఆసుపత్రిలోనూ రోజుల తరబడి చేతిరాతతోనే పని నడిచింది.

ఈసారి కౌంటర్‌లో నెంబరు అడిగితే "దేనికి బాబూ?" అని ఒక్క మాట అడగండి. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీ అభిప్రాయాలు కింద రాయండి, వచ్చే సమావేశంలో చర్చిద్దాం.