ఆ 27 గుంటలు ఏమైనట్టు?

మాకున్నది రెండెకరాల పది గుంటలు. ఒక వానాకాలం మా బాపు ఎకరం ఇరవై గుంటల్లో పత్తి, ముప్పై గుంటల్లో వరి వేసిండు. బీడు లేదు. ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కించినప్పుడు వరి గడిలో 0-30కి బదులు 0-03 పడింది. వడ్లు కుప్ప పోసి కొనుగోలు కేంద్రం ముందు కూర్చున్నాక గాని ఆ సంగతి మాకు తెలియలేదు. మూడు గుంటల్లో ఇన్ని వడ్లెట్లా పండినయని వాళ్ల ప్రశ్న!

ఎక్కించిన అన్నను అడిగితే, "కంప్యూటర్ ఒప్పుకున్నది తమ్మీ, తప్పయితే ఆపేది గదా" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. యంత్రం ఒక్కో గడినే చూసింది. అంకెలేనా? గుంటలు 40 లోపేనా? రెండూ సరే. కాని వరుస మొత్తం చూస్తే? పత్తి, వరి, బీడు కలిపితే మొత్తం విస్తీర్ణం రావాలి. 90 గుంటలకు 63 గుంటలే లెక్క తేలింది. మిగతా 27 గుంటలు ఏమైనట్టు? ఐదో తరగతి పిల్లవాడు అడిగే ప్రశ్న యంత్రం అడగలేదు, ఎందుకంటే అడగమని దానికెవరూ చెప్పలేదు.

మిత్రులారా! ఇది సాధ్యం కాని పనేమీ కాదు. మనం ల్యాబ్‌లో వాడే డేటాగ్రిడ్‌వ్యూలో గడి దాటేటప్పుడు తనిఖీకి సెల్ వాలిడేటింగ్, వరుస దాటేటప్పుడు తనిఖీకి రో వాలిడేటింగ్ వేర్వేరుగా ఉన్నాయి. కూడిక తనిఖీ రెండోదానిలోనే పెట్టాలి. పత్తి గడి నింపగానే "మొత్తం కుదరలేదు" అని మొరాయిస్తే పని సాగదు. అలాగే 2-10ని దశాంశంగా కాక రెండెకరాల పది గుంటలుగా చదవడం నేర్పాలి. లేకపోతే సరైన వరుసను కూడా తప్పంటుంది.

అయితే ఇదే సర్వరోగ నివారిణి అని నేననను. పత్తి, వరి అంకెలు తారుమారైతే కూడిక కుదురుతుంది, తప్పు మాత్రం మిగులుతుంది. అందుకే ఆఖరి తనిఖీ రైతుదే కావాలి. వరుసంతా ఆయనకు చదివి వినిపించి, "అవును బిడ్డా" అన్నాకే భద్రపరచాలి.

రేపు ఈ ప్రోగ్రాములు రాసేది మనలోని వాళ్లే. గడి వెనుక అంకె మాత్రమే ఉంటుంది. వరుస వెనుక ఒక కుటుంబం ఉంటుంది. ఆ సంగతి మరవకండి!