బాబా వాడినవి, బాబాకు ఇచ్చినవి

శిరిడీ శ్రీ సాయిబాబా సంస్థాన్ ధర్మకర్తల మండలికి బహిరంగ లేఖ

శిరిడీలో సాయిబాబా వస్తువులన్నీ ఒక్కచోట లేవు. ఆయన తొడిగిన పొడవాటి అంగీలు (కఫ్నీలు), పాదుకలు, చిలుములు, వంటపాత్రలు మ్యూజియంలో ఉన్నాయి. తిరగలి, ఆయన కూర్చున్న రాయి ఆయన నివసించిన మసీదు ద్వారకామాయిలోనే ఉండిపోయాయి. చక్రాల కుర్చీ, ఆయన రాత్రి విడిచి రాత్రి పడుకున్న చావడిలో ఉంది. 1918 అక్టోబరు 15న, విజయదశమి నాడు, సమాధి చెందేదాకా బాబా నాలుగైదు ఇళ్ల భిక్షతో బతికిన ఫకీరు. కాబట్టి సొంతమనదగ్గ వస్తువులు కొద్దే.

మిగిలినవి భక్తులిచ్చినవి. చావడి ఉత్సవానికి పల్లకి చేయించారు, బాబా అందులో ఎక్కలేదు. చక్రాల కుర్చీ తెచ్చారు, దానిలోనూ కూర్చోలేదు. ఈ నిరాకరణ ఆయన జీవితంలో చిన్న విషయం కాదు. వాడినదాన్నీ వాడనిదాన్నీ ఒకే వరుసలో, ఒకే తీరు పేరుపలకతో ఉంచితే అది కాస్తా మరుగున పడుతుంది. వస్తువు ఎవరిచ్చారు, బాబా వాడారా లేదా, సంస్థాన్‌కు ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నవి పలక మీదే ఉండాలి. ఆధారం దొరకనిచోట దొరకలేదనే రాయడం మర్యాద.

తిరగలి సంగతి వేరు. 1910 ప్రాంతంలో బాబా గోధుమలు విసరడం భక్తుడు గోవింద రఘునాథ దభోల్కర్ చూశారు. నలుగురు ఆడవాళ్లు ఆయన్ని పక్కకు తప్పించి పాటలు పాడుతూ తామే విసిరారు. పిండి పంచుకోబోతే బాబా కోప్పడి, ఊరి పొలిమేరలో చల్లించారు. కలరా తగ్గడానికని ఊరివాళ్లు చెప్పుకున్నారు. బాబా జీవితచరిత్ర సాయి సచ్చరిత్ర రాయాలన్న ఆలోచన దభోల్కర్‌కు అక్కడే పుట్టింది. ఇంత కథ ఉన్న రాతికి ఒక్క వాక్యం చాలదు. బాబా తలకింద పెట్టుకున్న ఇటుక మాత్రం ఏ అరలోనూ కనిపించదు. సమాధికి కొద్దిరోజుల ముందు ఊడుస్తున్న కుర్రవాడి చేతిలోంచి జారి విరిగింది. దాన్ని సమాధిలోనే ఉంచారని చెబుతారు. ఆ మాటా ప్రదర్శనలో ఉండదగినదే.

ఇక భద్రపరచడం సంగతి. మట్టి చిలుముకు దెబ్బ తగలకపోతే చాలు, దాని మసిని తుడవకూడదు. కఫ్నీ నూలుగుడ్డ. వెలుతురుకు పోయిన బలం తిరిగి రాదు. అందుకే మ్యూజియాల్లో బట్టలపై వెలుగు 50 లక్స్ దాటనివ్వరు. కొన్ని నెలలు చూపి, కొన్ని నెలలు చీకట్లో పరిచి ఉంచుతారు, కొక్కేలకు వేలాడదీయరు. కఫ్నీలకూ ఈ పద్ధతే తగినది.

సికింద్రాబాద్ నుంచి రైళ్లలో వచ్చే తెలుగు భక్తులకు కొరత లేదు. మరాఠీ, హిందీ, ఇంగ్లీషుతోపాటు ఈ వివరాలు తెలుగులోనూ ఉండాలి.